హ్యూస్టన్ నుంచి వచ్చిన విడాకులు

హెర్న్‌డన్,
మార్చి 11, 1984

శ్రీవారికి,

మీరు హ్యూస్టన్ నుంచి పంపిన విడాకులు అందాయి. విజయవాడ నుంచి తెచ్చి దాచుకున్న స్టాంపు పేపరు మీద, తెలుగులో, ఇద్దరు స్నేహితుల సాక్షి సంతకాలతో, అడుగున నోటరీ ముద్రతో ముచ్చటగా ఉన్నాయి. "నేటితో మన పెళ్లి రద్దు. నెలాఖరుకి ఇల్లు ఖాళీ చేసి ఇండియా వెళ్లిపో" అన్నారు. ఆ ముద్ర చూసి నేనూ నిజమేననుకున్నాను. అన్నం సహించలేదు. మన దగ్గర నోటరీ అంటే నల్లకోటు ప్లీడరు కదా, ఇక్కడా అంతే అనుకున్నాను.

పక్కింటి వసుమతి ఊరుకోలేదు. నన్ను కార్‌లో ఎక్కించుకుని బ్యాంక్‌కి తీసుకెళ్లింది. అక్కడ కౌంటర్‌లో కూర్చునే మిసెస్ హార్పర్ కూడా నోటరీయేనట. కాగితం అటూ ఇటూ తిప్పి చూసింది.

"సంతకం పెట్టింది ఆ మనిషేనని చూశామనే ఈ ముద్రకి అర్థం. లోపల రాసింది నిజమో కాదో మేం చెప్పం. విడాకులివ్వడం కోర్టు పని" అంది.

అంటే మీరు గోంగూర పచ్చడి ఎలా చేయాలో రాసిచ్చినా ఆ ముద్ర అంతే గుండ్రంగా పడేది. ముందు నవ్వొచ్చింది, తర్వాత ఒళ్లు మండింది. నేనింకా మీ భార్యనే. ఈ ఇల్లు కదలను. ఈలోగా అక్కడ మీరు చేసుకోబోయే ఆ అమ్మాయి మెడలో తాళి కడితే ఏమవుతుందో ఏ లాయర్నైనా కనుక్కోండి. నేను మిమ్మల్ని వదలను గాక వదలను.

ఇప్పటికీ మీ భార్య,
రాధారాణి

హెర్న్‌డన్,
జూన్ 2, 1984

కృష్ణమోహన్ గారికి,

మార్చిలో ఫోన్ చేసి బెదిరించారు. ఇప్పుడేమో "ప్లీజ్ రాధా, కోర్టులో విడాకులకి ఒప్పుకో" అని బతిమాలుతున్నారు. మిమ్మల్ని కట్టిపడేశానని కొన్నాళ్లు సంబరపడ్డాను. తీరా చూస్తే ఆ తాడు రెండో కొస నా కాలికే ఉంది.

అందుకని నేనే లాయర్ని పెట్టుకున్నాను. విడాకులు అడుగుతున్నది నేను. ఇంట్లో నా వాటా కూడా అడుగుతున్నాను. ఆ కాగితాలు పట్టుకుని మళ్లీ మిసెస్ హార్పర్ దగ్గరికే వెళ్లాను, ఈసారి నేనే డ్రైవ్ చేసుకుంటూ. నాకెందుకని మీరన్న లైసెన్సే చూపించాను. ఆవిడ అందులోని ఫొటో చూసి, నా మొహం చూసి, "మీ ఇష్టంతోనే సంతకం పెడుతున్నారా? ఎవరి బలవంతమూ లేదు కదా?" అని అడిగింది.

ఆవిడకది రోజూ అడిగే మాటే. నాకు మాత్రం కొత్త. పెళ్లి పీటల మీద నన్నెవరూ ఆ మాట అడగలేదు.

"నా ఇష్టమే" అన్నాను. ఆవిడకి వినపడలేదేమోనని, బ్యాంక్‌లో అందరూ తిరిగి చూసేలా ఇంకోసారి అన్నాను.

రాధారాణి