బెల్లంముక్క

అన్నా,

రేపటికి నువ్వు పోయి నాలుగేళ్లు. ఈవేళ జువ్వలదిన్నెలో ఒక పాత ఇంటి తలుపులకు రంగులు వెయ్యడానికి వెళ్లాం. ఇంటావిడ పాత రంగు పెచ్చులు ముందే పరీక్షకు పంపింది. వాటిలో సీసం ఉందని తేలింది.

పరీక్ష చేసినామె నెల్లూరు నుంచి వచ్చి దగ్గరుండి పని చేయించింది. ఉప్పుకాగితంతో పొడిగా రుద్దనివ్వలేదు. నేలంతా ప్లాస్టిక్ పట్టా పరిపించి, మాస్కులిచ్చి, నీళ్లు చల్లి తడిమీదే గీకమంది. గొంతులో దుమ్ము దిగడానికి మనం తినే బెల్లం ఉంది కదా, పదకొండింటికి అలవాటుగా అది పంచబోయాను. నా చేతులు చూసి ఆపేసింది.

"ఆ చేతుల్తో తింటే సీసం కూడా కడుపులోకి పోతుందన్నా. ముందు సబ్బుతో కడుక్కోండి. మీలో ఎవరికైనా కడుపునొప్పి, చేతులు వణకడం ఉండాయా?"

అందరూ లేదన్నారు. నేను కుళాయి దగ్గరికి పోయి చేతులు కడుక్కున్నాను.

వాకాడులో పని చేస్తున్నప్పుడు నేనిచ్చిన బెల్లంముక్క నీ చేతిలో వణికి కింద పడింది. మేస్త్రీనన్న పొగరు నాకు. అందరి ముందు "పొద్దున్నే తాగొచ్చినావా?" అన్నాను. నువ్వు నిచ్చెన దిగి నా మొహం దగ్గరికొచ్చి, "నా నోరు వాసన చూడరా" అన్నావు.

నీ వణుకు సీసం వల్లేనో కాదో ఇప్పుడు ఎవరూ చెప్పలేరు. తాగావో లేదో మాత్రం ఆ రోజే తెలిసేది. నేను మొహం తిప్పుకుని, నీ బ్రష్ ఇంకొకడి చేతిలో పెట్టాను.