పైకి లేచే గీత

ఆదివారం, జూలై 2007

కెనడా, బ్రెజిల్ దేశాల కాగితపు గుజ్జు ఎగుమతుల మీద ఎం.ఫిల్. కోసం గీసిన గ్రాఫును ఇవాళ కంబదూరులో నాయనకు చూపించాను. కొన్నేళ్లుగా కెనడా గీత కిందికి వంగుతుంటే బ్రెజిల్ గీత పైకి లేస్తోంది.

"ఆ పైకి పోయే దేశమోళ్లు ఏం చెట్లు పెడతారుమ్మా?" అని అడిగాడు.

"మనం పెట్టిందే నాయనా, నీలగిరి."

"అయితే మిగతా నాలుగెకరాల్లో గూడా అదే పెడదాం" అంటూ నన్ను మా నీలగిరి తోటకు తీసుకుపోయాడు. వెంట వచ్చిన మా కుక్క గట్టు మీదే ఆగిపోయింది. లోపల ఒక్క పిట్ట కూయలేదు, ఒక్క చీమ కనబడలేదు. నాయన గొంతు ఉన్నట్టుండి తగ్గిపోయింది.

"ఎందుకు అంత మెల్లగా మాట్లాడతాండావు?"

"ఏమోమ్మా. ఈడికొస్తే అట్లే అయితాది. రెండేండ్లాయ."

"మిగతా చేన్లో వద్దు నాయనా" అన్నాను. నా మాట కూడా గుసగుసగానే వచ్చింది. ఆయన సరేనని తల ఊపాడు. కానీ నా వైపు చూసి కాదు, చెట్ల వైపు చూసి.

ఇప్పుడు గ్రాఫు ముందు పెట్టుకుని కూర్చున్నాను. పైకి లేచే ఆ గీత కింద ఎన్ని ఎకరాలు ఇలా నోరు మూసుకున్నాయో...