గిటారుకూ కొలతలుంటాయి

పుంగనూరు,
ఆదివారం

నా బంగారు రోజాకు,

ఈ సంచి నీ చేతికిచ్చింది మీ అంబికత్తే అయినా, కుట్టిందీ పంపిందీ నేను. లోపలున్నది గిటారు. ముందు దాన్ని బయటికి తీసి చూసుకో. ఉత్తరం ఆ తర్వాత చదువు. ముందే ఉత్తరం చదివితే కోపమొచ్చి గిటారు ముట్టుకోకుండా పోతావేమోనని నా భయం. ఈ కాలంలో ఉత్తరమేంది, ఫోన్ చేయొచ్చు కదా అనుకుంటావు. ఫోన్‌లో నువ్వు ‘ఎవరు మాట్లాడేది’ అంటే నేను ఏమని చెప్పుకోవాలి? ఉత్తరమైతే కింద పేరుంటుంది. ఇష్టం లేకపోతే మడిచి పెట్టేయొచ్చు. నాకు తెలియదు కాబట్టి నాకు బాధ ఉండదు.

నీకు గిటారంటే ఇష్టమని చెప్పింది కూడా మీ అత్తే. పలమనేరులో ఎవరిదో పెళ్లిలో నువ్వూ మీ అమ్మా ఆమెకు కలిశారంట. మొన్న మా ఇంటికొచ్చి, కాఫీ తాగతా తాగతా చెప్పింది. “స్నేహితురాలి గిటారు అడిగి తెచ్చుకోని వాయిస్తాండాది రా నీ కూతురు. వాళ్లు తిరిగి అడిగితే మొగం ఇంత చేసుకోని ఇచ్చేస్తాది. ఏం, నీకు తెలీదా?” అనింది. నాకేం తెలుసు? నీ గురించి నాకు తెలిసేదంతా మీ అత్త కాఫీ తాగినంతసేపే. ఆమె పోయినాక కుట్టుమిషను ముందర కూర్చున్నాను కానీ కాలు ఆడలేదు. ఆ సాయంత్రం ఒక జాకెట్టుకు చేయి తిరగేసి కుట్టి, మళ్లీ విప్పాను.

నీకొక చుడీదార్ కుట్టి పంపాలని ఎన్నోసార్లు అనుకున్నాను. గుడ్డ కూడా తెచ్చాను, ఆకుపచ్చది. కత్తెర తీసుకుంటే కొలతలేవి? ఈ ఊళ్లో నేను టేపు పట్టకుండా కుడతానని పేరు. మనిషి గడపలో నిలబడితే చాలు, భుజమెంత, నడుమెంత అని నా కంటికి తెలిసిపోతుంది. అట్లాంటి నాకు కన్నకూతురి భుజం ఎంతుందో తెలియలేదు. గుడ్డ మడిచి బీరువాలో పెట్టేశాను. అందుకే గిటారు మాట వినగానే ప్రాణం లేచొచ్చింది. కొలతలు తెలియకపోయినా ఇవ్వగలిగింది ఒకటి దొరికిందని సంబరపడ్డాను.

స్కూలు యూనిఫారాల కుట్టుకూలి చేతికి రాగానే షాపు మూసి మదనపల్లె బస్సెక్కాను. బెంగళూరు బస్టాండు దగ్గర సందులో ఒక పాటల సామాన్ల షాపు ఉంది. హార్మోనియాలు, తబలాలు, భజన తాళాలు, గోడ నిండా గిటార్లు. షాపాయన పేరు రాజగోపాల్. నన్ను చూసి ఆయన భజన మండలి వాణ్ణనుకున్నాడు. “తాళాలాప్పా?” అన్నాడు. కాదు, మా పాపకు గిటారు, నాకు తగ్గ ధరలో చూపించమన్నాను. మా పాపకు అని చెప్పేటప్పుడు గొంతు కొంచెం పెద్దదైంది నాకే తెలియకుండా. ఆ మాట బయట ఒకరితో అనుకొని చాలా కాలమైంది.

మొదట నా కన్ను పోయింది నల్లగా నిగనిగలాడే దాని మీదికి. ఆయన వద్దన్నాడు. “ఈ ధరలో రంగు సూడగూడదప్పా, తీగలు సూడల్ల. ఇది గోడకు తగిలించే దానికి బాగుంటాది. తీగ మెడకు ఇంతెత్తున ఉండాది, పాప వేళ్లు కోసుకుపోతాయి. రెండు దినాలు వాయించి మూలన పెట్టేస్తాది” అన్నాడు. నాకు నచ్చాడు. జరీ చూసి చీర కొనేవాళ్లకు నేను చెప్పేదీ అదే. నాలుగైదు కిందికి దించాడు. ఒక్కోదాని మెడ, అదే తీగలు నొక్కే పొడుగు చెక్క, కంటికి ఎదురుగా పెట్టుకొని వంకర ఉందా అని చూశాను. వంకర పట్టే పని నాకు కొత్త కాదు. తీగలు నొక్కి చూడబోతే నాకేమీ తెలియలేదు. సూది తోసి తోసి నా చూపుడు వేలు కాయ కాసి ఉంది కదా. అందుకని ఎడమచేతి చిటికెన వేలుతో నొక్కాను, ఆ వేలు ఏ పనీ చేయలేదు కాబట్టి అదొక్కటే నీ వేలుకు దగ్గర. ఒకటి బాగా కోసింది, ఒకటి జిరజిరమనింది. చివరిది, రంగు లేకుండా ఉత్త చెక్క రంగులో ఉండేది, మెత్తగా అణిగింది. అదే ఇమ్మన్నాను.

అప్పుడు ఆయన, “ఇందులో సైజులుండాయి. పాప ఎంతెత్తుంటాది?” అని అడిగాడు. గిటారుకూ కొలతలుంటాయని నాకు అప్పుడే తెలిసింది. నా చేయి దానంతటదే లేచి చొక్కా జేబు దగ్గర ఆగింది. ఇంత, అన్నాను. ఆయన లోపలికి పోయి సరిపోయేది తెచ్చాడు. “చాలకపోతే పాపను పిల్చుకోని రాప్పా, మార్చిస్తా” అన్నాడు. అవసరం రాదులే, నాకు కంటికొలత తప్పదన్నాను.

దానికి సంచి లేదు. ఉన్నవి పల్చగా ఉన్నాయి. ఊరికి తిరిగొచ్చి గిటారును నా షాపు బల్ల మీద పడుకోబెట్టి, ఎన్నో ఏళ్లకు టేపు తీసి, పొడుగూ వెడల్పూ కొలిచి కాన్వాసు గుడ్డతో కుట్టాను. లోపల స్పాంజి పెట్టాను. దారిలో తెగకుండా తీగలు వదులు చేసి ఉన్నాయి, నువ్వే బిగించుకోవాలి.

ఇంక అసలు సంగతి. నువ్వు నాలుగో తరగతిలో ఉన్నప్పుడు మీ స్కూలు వార్షికోత్సవానికి వచ్చాను, జ్ఞాపకముందా? మీ అమ్మకు కుప్పం ఆస్పత్రిలో నర్సు ఉద్యోగమొచ్చి మీరిద్దరూ అక్కడికి పోయినాక నేను ఆదివారాలు వస్తా ఉండేవాణ్ణి. ఆమె ఉద్యోగం వదలనంది, నేను షాపు వదలనన్నాను, ఇద్దరం మొండివాళ్లమే, దాంట్లో నీ తప్పేమీ లేదు. ఆ దినం నీ డాన్సుకు గులాబీరంగు గౌను కుట్టుకొని వచ్చాను. స్టేజీ వెనకాల నీ టీచరమ్మ, “ఎవరు రోజా ఈయన?” అని అడిగింది. నువ్వు నన్ను చూశావు, నీ స్నేహితురాళ్లను చూశావు. “బట్టలు కుట్టే ఆయన మేడమ్” అన్నావు. నేను కూడా, “ఫిట్టింగు సరిగ్గా ఉందేమో సూసుకోమనండి మేడమ్” అని గౌను ఆమె చేతికిచ్చి వచ్చేశాను. బస్సులో ఏడ్చాను. ఆ తర్వాత ఆదివారాలు రావడం మానేశాను. మీ అమ్మకు కుట్టుపని సీజను ఎక్కువగా ఉందని చెప్పాను, తర్వాత ఆరోగ్యం బాగలేదని చెప్పాను, తర్వాత ఆమె అడగడం మానేసింది. నాకు నీ మీద కోపం లేదు తల్లీ. నువ్వు చెప్పింది అబద్ధమూ కాదు. కానీ నీ నోట ఇంకోసారి అట్లాంటి మాట వినే ధైర్యం లేకపోయింది.

ఇప్పుడు నిన్ను చూడాలని ఉంది. దూరం నుంచి కాదు. నువ్వు గిటారు వాయిస్తుంటే ఎదురుగా కూర్చొని చూడాలి, నాయనా అని పిలిపించుకోవాలి. రావచ్చునా అని అడుగుతున్నాను. వద్దంటే రాను. నా నంబరు వెనకాల రాశాను.

నీ కోసం చూస్తుండే
నాయన మునిచంద్ర


పుంగనూరు,
గురువారం

రోజమ్మకు,

గిటారు చేరిందని మీ అత్త చెప్పింది. తీగలేమీ తెగలేదు కదా. నువ్వు ఏమన్నావని అడిగితే, “సంచి తీసుకోని లోపలికి పాయ, అంతే” అంది. మామూలుగా ఆపినా ఆగని మనిషి.

ఫోన్‌ను మిషను పక్కనే పెట్టుకున్నాను. మోగితే వినపడదేమోనని మధ్యమధ్య తొక్కడం ఆపుతున్నాను. తెలియని నంబరు వస్తే మిషను వదిలేసి లేస్తున్నాను. నిన్న ఒకటి వచ్చింది. చేతులు తుడుచుకొని ఎత్తితే ఎవరో అమ్మాయి లోను కావాలా సార్ అంది. ఆ పిల్ల గొంతు బాగుంది. పెట్టేయబుద్ధి కాక కాసేపు వింటూ ఉండిపోయాను. చివరికి ఆ పిల్లే విసుక్కొని పెట్టేసింది.

నేను ఎక్కువ అడిగానేమో. గిటారు ఇచ్చి ఆ వెంటనే అది కావాలి ఇది కావాలి అని అడగడం బాగలేదని పంపినాక తెలిసింది. నువ్వేమీ జవాబివ్వనక్కర్లేదు. గిటారు మాత్రం వాయించు. నా మీది కోపం దాని మీద చూపించొద్దు. ఇంక నేను కుప్పం రాను, మళ్లీ అడగను. నువ్వు చల్లగా ఉండు.

మునిచంద్ర


కుప్పం,
సోమవారం

నాయనకు,

నీ రెండు ఉత్తరాలూ అందాయి. రెండోది చదివినాక నాకు వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. నాలుగు దినాలు జవాబు రాకపోతే ‘మళ్లీ అడగను’ అని రాసేస్తావా? నేను ఎన్నేళ్లు ఎదురుచూశానో నీకు తెలుసా? కింద నాయన అని కూడా పెట్టకుండా ఉత్త మునిచంద్ర అని సంతకం చేశావు. అది నాకు అన్నిటికంటే బాధేసింది. ఫోన్ ఎందుకు చేయలేదంటే, నువ్వు మంచి మాటకారివని అత్త చెప్పింది. ఫోన్‌లో నన్ను మాట్లాడనివ్వవు. ఇది పూర్తిగా విను.

ఉత్తరం ఉందని తెలియకుండానే, నువ్వు కోరుకున్నట్టే, గిటారు ముందు తీసి చూశాను. ఒళ్లో పెట్టుకుంటే మోచేయి ఎక్కడ పెట్టాలో తెలియలేదు. అది చిన్నపిల్లలు నేర్చుకునే గిటారు నాయనా. ఎనిమిదేళ్ల, తొమ్మిదేళ్ల పిల్లలకు సరిపోతుంది. నా స్నేహితురాలు ప్రమోదిని చూసి పడీపడీ నవ్వింది. నేనూ నవ్వాను. ఆ తర్వాత సంచి జేబులో ఉత్తరం కనపడింది. నీ చేయి చొక్కా జేబు దగ్గర ఆగిందని రాసిన చోటుకు వచ్చేసరికి ఇంక చదవలేకపోయాను. ప్రమోదిని భయపడిపోయి మంచినీళ్లు తెచ్చింది. నేను డిగ్రీ మొదటి సంవత్సరం. అమ్మ కంటే పొడుగు. నీ చెవి దాకా ఉంటానని అత్త అంటోంది. మా ఇంట్లోకి రావాలంటే ద్వారబంధం తగలకుండా తల వంచాలి.

ఇంక ఆ వార్షికోత్సవం సంగతి. నాకు జ్ఞాపకముంది. నీకు తెలియంది ఒకటుంది. మేము కుప్పం వచ్చిన కొత్తలో మీ నాయన ఎక్కడ, మీ నాయన ఎక్కడ అని క్లాసులో అందరూ అడిగేవాళ్లు. విడిగా ఉంటాడని చెప్పడం నాకు రాలేదు. కువైట్‌లో ఉంటాడని చెప్పాను. మా క్లాసులో మునిలక్ష్మి వాళ్ల నాయన కువైట్‌లో ఉండేవాడు. వాళ్ల నాయన వస్తాడు అని ఆ పిల్ల ఎప్పుడూ చెప్తుండేది, నిజంగానే వచ్చాడు కూడా, అందరికీ చాక్లెట్లు ఇచ్చాడు. కువైట్ పోయిన నాయనలు తిరిగి వస్తారు. అందుకే నిన్ను కూడా అక్కడికి పంపించాను. ఆ దినం నువ్వు చేతిలో గౌను పట్టుకొని స్టేజీ వెనకాల నిలబడితే, అందరూ నా మొహమే చూస్తుంటే, ఏం చెప్పాలో తెలియక ఆ మాట అనేశాను. డాన్సు అయిపోయినాక నీకు చెప్పి నవ్వుదామనుకున్నాను. నువ్వు లేవు. తర్వాతి ఆదివారం వస్తావని జడ వేయించుకొని కూర్చున్నాను. ఆ తర్వాతి ఆదివారం కూడా. ఒక్కమాట అడిగి ఉంటే చెప్పేదాన్ని కదా. అంత చిన్నపిల్ల మాట పట్టుకొని ఎవరైనా ఇన్నేళ్లు అలుగుతారా?

నీ ఉత్తరం అమ్మకు చూపించాను. చదివి, వంటింట్లోకి పోయి, చాలాసేపు గిన్నెలు తోమింది. బయటికి వచ్చి, “సీజను అంటే నిజమే అనుకుంటిని, నేనైనా ఒకసారి పోయి అడిగింటే బాగుండు” అంది. నువ్వొస్తే వద్దనదు. అది నాకు తెలుసు, నేను ఆమెతోనే ఉంటాను కదా.

గిటారు మార్చుకోవాలి. షాపాయన పాపను పిలుచుకొని రమ్మన్నాడు కదా, మరి పిలుచుకొని పో. నాకు అది ఇచ్చేయబుద్ధి కావడం లేదు కానీ, వాయించమని నువ్వే రాశావు, అది నా చేతిలో పలకదు. నాకు సరిపోయేది నువ్వే పక్కన నిలబడి, వంకర చూసి, తీగ నొక్కి కొనివ్వాలి. నొక్కేది ఈసారి నా వేలితో.

వచ్చే రెండో శనివారం కాలేజీ లేదు. పొద్దున మదనపల్లె బస్సెక్కుతాను. అది మీ ఊరి మీదుగానే వస్తుంది. నువ్వు పుంగనూరు బస్టాండులో ఉండు. నన్ను వెతకొద్దు, నీ కళ్లు ఎక్కడో కిందికి వెతుకుతాయి, నేను కనపడను. నేనే నిన్ను గుర్తుపడతాను. బస్సు ఆగకముందే కిటికీలోంచి తల బయటపెట్టి, నాయనా అని గట్టిగా పిలుస్తాను. బస్సులో వాళ్లూ బస్టాండులో వాళ్లూ అందరూ తిరిగి చూస్తారు. చూడనీ. నువ్వు మాత్రం పలకాలి.

నీ కూతురు
రోజా