ప్రమాణం నాటి చాయ్

అల్లుడు భూమేష్‌కు మీ మామ దీవించి, కోపంతోని రాస్తున్న ఉత్తరం.

నా బిడ్డ రుచిత వార్డు కౌన్సిలర్‌గ గెలిచిందని వినంగనే కండ్లల్ల నీళ్లు ఆగలే. బోధన్ బస్టాండ్‌ల ఎరుక లేనోళ్లకు గూడ పేడాలు పంచిన. గంత సంతోషంతోని మీ ఇంటికొస్తే, గెలుపు దండ నీ మెడల ఉన్నది, బిడ్డ పొయ్యికాడ ఉన్నది. నువ్వు కుర్చీల కూసోని "కౌన్సిలరమ్మా, ఇంకో పది చాయ్‌లు!" అని కేకేస్తే అందరు నవ్విండ్రు. నాకు ఒళ్లు మండింది. బీడీలు చుట్టే ఆడోళ్ల ఇండ్లు తిరిగి ఓట్లడిగింది నువ్వా, అదా?

సోమవారం ప్రమాణానికి దాన్ని నేనే తోలుకపోత. నువ్వు రావద్దు. ఇంటికొచ్చేటోళ్లకు నువ్వే చాయ్ పెట్టు. మేం తిరిగొచ్చినంక నాకూ ఒక కప్పు ఇయ్యి. షుగరున్నా సరే, ఆ దినం చక్కెర నిండుగ వెయ్యి.

మీ మామ