ఏడో పాటలో తప్పు

2024 ఫిబ్రవరి 4

ఆల్బమ్ పూర్తయింది. పదకొండు పాటలు. ఇరవై రెండేళ్లుగా ర్యాప్ పాడుతున్నాను. దోమ మీద పాడాను, కరెంటు కోత మీద పాడాను, బామ్మర్ది పొట్ట మీద పాడాను. అమ్మ మీద పాడటం ఇదే మొదలు. షాహిద్ పెళ్లి వీడియోలు ఎడిట్ చేసే గదిలోనే మిక్సింగ్ చేసిపెట్టాడు. గిరాకీ లేదన్నా, గది ఖాళీగనే ఉంది అన్నాడు. అబద్ధం. నా కోసం రెండు పెళ్లిళ్లు వదులుకున్నాడని అతని భార్య హఫ్సా మా ఆవిడ కోమలకు చెప్పేసింది.

ఫిబ్రవరి 9

రిలీజ్. నూట ఎనభై మందికి లింకు పంపాను. సాయంత్రానికి పదిహేడు వ్యూస్. అందులో ఆరు నేనే.

ఫిబ్రవరి 10

కారణం తెలిసింది. బామ్మర్ది దివాకర్‌కు ఫోన్ చేసి విన్నావా అని అడిగాను. మళ్ల గాడిదనే గదా బావా, నేనైతే నొక్క అన్నాడు. నిజమే. పదేళ్లుగా నేను పంపిన ఏ లింకు నొక్కినా గాడిద ఓండ్రపెడుతుంది. పోయినేడు నేను చచ్చానని స్టేటస్ పెట్టి, దండలతో వచ్చినవాళ్లకు చాయ్ పోశాను. పాలమూరంతా ఇప్పుడు నాతో జాగ్రత్తగా ఉంది.

మా అమ్మ మైసమ్మ మట్టిపని చేసింది, లారీలెక్కి ఊళ్లు తిరిగింది, అవే ఈ పాటలు అని చెప్పాను. అమ్మ మీద గూడ కామెడీ చేస్తవా, సిగ్గు లేదా అని వాడే తిట్టాడు.

ఒక్క మనిషి నమ్మితే చాలు.

ఫిబ్రవరి 14

యాదయ్య చాయ్ హోటల్లో స్పీకర్ పెట్టించాను. ఏడో పాట వచ్చింది. అమ్మ లారీ ఎక్కే పాట. అప్పుడు నాకు ఎనిమిదేళ్లు. మక్తల్ రోడ్డు మీద అమ్మమ్మ చెయ్యి పట్టుకుని నిలబడ్డాను. కర్ణాటకలో కాల్వపని. లారీ కదిలింది. వెనక నుంచి చూస్తే అమ్మ భుజాలు అదురుతున్నాయి. ఏడుస్తోంది. చూసింది చూసినట్టే పాడాను.

భుజాలు అనగానే హోటలంతా నవ్వింది. పంచ్ వస్తుందని. ఆ తర్వాత ఏం జేసిందన్నా, లారీల కెల్లి దుంకిందా అని అడిగాడు యాదయ్య. నేనూ నవ్వాను. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది.

ఫిబ్రవరి 15

హైదరాబాద్ చానెల్‌ ఒకటి రివ్యూ పెట్టింది. నన్ను వెటరన్ అన్నారు. ముసలోడు అనే మాటను మర్యాదగా. ఫ్లో బాగుందట, కామెడీ తగ్గిందట. ఐదుకు రెండున్నర.

ఫిబ్రవరి 19

కోమల నాకు చెప్పకుండా తన ఫోన్ నుంచి అందరికీ లింకు పంపుతోంది. కింద ఒక్క లైను: గాడిద లేదు, ఒట్టు. వ్యూస్ మూడు వందలు దాటాయి. ఈమెకు నేనేమిచ్చాను పాతికేళ్లలో. ఉప్పు వేసిన చాయ్ తప్ప.

ఫిబ్రవరి 23, పొద్దున పదకొండు

మక్తల్ నుంచి బషీరున్నీసా ఫోన్. మా ఎదురిల్లు. అమ్మతో పదేళ్లు తట్టలు మోసిన మనిషి, డెబ్బై దాటింది. మనవరాలు పాటలు వినిపించిందట. మెచ్చుకుంటుందని గొంతు సవరించుకున్నాను.

తిట్టింది. ఏంరా బెంజమినూ, నోరుంది గదాని ఏది వడితే గది పాడుతవా, మైసక్క ఎన్నడు ఏడ్చింది, లారీల ఆమె పక్కన గూసున్నది నేనా నువ్వా అంది.

భుజాలు అదిరినయి గదా చిన్నమ్మా అన్నాను.

అదరయా మరి, మేస్త్రి కాలర్ వట్టి ఊపుతాంటే అంది.

పిలగాణ్ని గూడ ఎక్కించు, నా అన్నంల సగం వానికి పెడ్త అని అమ్మ అడిగిందట. ఇంకో నోరు నాకొద్దు అన్నాడట కూలీలను తోలుకుపోయే ఆ మేస్త్రి. కృష్ణ బ్రిడ్జి దాటేదాకా వాణ్ని తిడుతూనే ఉందట. చివరికి వాడే లారీ ఆపించి, పోయి డ్రైవర్ పక్కన కూర్చున్నాడట.

నన్ను వదిలి పోవడానికి ఏడ్చిందనుకున్నాను. ఏడ్చినా వదిలింది గదా అని కూడా అనుకున్నాను, నలభై ఏళ్లు. చనిపోయేదాకా అమ్మ చెప్పలేదు. నేను అడగలేదు. అడగాల్సినప్పుడల్లా జోకు వేశాను.

పాట దిద్దు, లేకుంటే తీసెయ్, అబద్ధం పాటల నన్ను కూసోవెట్టకు అంది బషీరున్నీసా. ఇన్ని రోజులకు ఒక మనిషి నా పాటను నిజమనుకుని నాతో కొట్లాడింది. థాంక్స్ చెప్పాను. థాంక్స్ గీంక్స్ తర్వాతరా, ముందుగాల దిద్దు అంది.

మార్చి 2

షాహిద్ మళ్లీ గది ఖాళీ అన్నాడు. నేను మళ్లీ నమ్మినట్టు నటించాను. బషీరున్నీసాను బస్సులో తీసుకొచ్చాం. హెడ్‌ఫోన్లు పెట్టుకుని కూర్చుంది. నేను నాలుగు టేకులు పాడితే నాలుగూ వద్దంది. గట్ల మెల్లగ తిడ్తదారా మీ అమ్మ అంది.

మార్చి 6

ఇప్పుడు ఏడో పాటలో అమ్మ మేస్త్రి కాలర్ పట్టుకుంది. చివరి బీట్ అయిపోయినా వదలడం లేదు. ఫేడవుట్ చెయ్యనా అని అడిగాడు షాహిద్. వద్దన్నాను.