చెంపలో గాలి

రేడియేషన్ లెక్కలు వేసే మేడమ్ గారికి, సైకిల్ షాపు పెద్దాయన నమస్కారాలు.

గడ్డతో పాటు పైదవడ కూడా తీసేశారు. నా మాట నాకే అర్థం కావడం లేదు, అందుకే ఈ ఉత్తరం. చెంప లోపలి గుంతలో గాలి ఉండకూడదని మీవాళ్ళు రోజూ తడిగుడ్డ కుక్కి, వంతు వచ్చేదాకా బెంచీ మీద కూర్చోబెడుతున్నారు. జన్మంతా ట్యూబుల్లో గాలి నింపి బతికినవాణ్ణి. గాలి ఏం పాపం చేసిందండీ?

ఇట్లు,
తమ పేషెంటు.

తా.క. గుడ్డ దేనికి? నా దగ్గర మంచి ప్యాచీలున్నాయి.

*

బాబాయి గారికి నమస్కారాలు.

కిరణం కండలో దూరితే సన్నటి కణాలు ఎగురుతాయి. జబ్బును చంపేవి అవే. గాలిలో అవి పల్చబడిపోతాయి. అవతల కండ తగిలి మళ్ళీ పుంజుకునేలోపు గుంత గోడ పైపొరకు మోతాదు చాలదు. జబ్బు నలుసంత మిగిలినా ఆ పొరలోనే మిగులుతుంది. తడిగుడ్డ ఉంటే కిరణానికి అదీ కండే. కానీ స్కాన్‌లో మీ గుడ్డ పొడిగా కనిపించింది. ఎందుకని?

ఇట్లు,
లెక్కల అమ్మాయి.

తా.క. ప్యాచీలు వద్దు.

*

అమ్మాయీ, ఆశీస్సులు.

గాలే శత్రువని తెలిసింది కదా, నిన్న మిషన్ కింద ఊపిరి బిగబట్టి పడుకున్నాను. అంతా ఆపేసి ముగ్గురు పరిగెత్తుకొచ్చారు. గుడ్డంటావా, ఎండకి ఆరి ఉంటుంది.

ఇట్లు,
బాబాయి.

తా.క. మీ పిన్ని నమస్కారాలు చెప్పమంది. నేను దగ్గితే తనకి ఆయాసం వస్తుంది.

*

బాబాయి గారూ, ముందు ఊపిరి పీల్చండి!

గాలి ఆ గుంతలో ఉండకూడదు, అంతే. ఊపిరితిత్తుల జోలికి వెళ్ళకండి. అయినా మిషనూ, మీరు కూర్చునే బెంచీ ఉండేది నేలమాళిగలో, ఎండెక్కడిది? ఈసారి కూడా గుడ్డ పొడిగానే ఉంది. మిగిలినవి కొద్ది రోజులే, నాకు భయంగా ఉంది.

ఇట్లు,
అమ్మాయి.

తా.క. రేపటినుంచి మిషన్ పక్కనే నిలబడి గుడ్డ నేనే పెడతాను.

*

అమ్మాయీ,

కరెంటు పెట్టడం అయిపోయిన ఆర్నెల్లకే జబ్బు తిరగబెట్టిందట. నువ్వు చెప్పిన ఆ పైపొరలోనే. నీ తప్పేం లేదు, ఏడవకు.

ఎండా కాదు, వానా కాదు. గుడ్డ పిండింది మీ పిన్ని. నీళ్ళు గొంతులోకి కారి నేను దగ్గుతుంటే చూడలేక, బెంచీ మీదే బయటికి తీసి, పిండి, మళ్ళీ పెట్టేది. అంత ప్రేమగా పెడుతుంటే వద్దనలేకపోయాను. నీకు చెబితే తనని కోప్పడతావని ఏవేవో కథలు అల్లాను.

నిన్న అడిగింది, "నేను పిండడం వల్ల ఏమీ కాలేదు కదా?" అని. కాలేదన్నాను. పంక్చర్లు వేసేవాడి మాట ఎవరు నమ్ముతారు? ఆసుపత్రి ముద్ర వేసి, గుడ్డ తడైనా పొడైనా ఒకటేనని ఆవిడకో ఉత్తరం రాయి తల్లీ. నేను పోయాక ఆ ఇంట్లో ఒంటరిగా ఉండాల్సింది తనే.

ఇట్లు,
నీ బాబాయి.

తా.క. అందులో నాలుగు లెక్కలు కూడా వెయ్యి. అర్థం కాకపోతేనే నమ్ముతుంది.