చుక్కి మూలన చల్లిన కారం

మంగళవారం, రాత్రి

ట్రేలో ఇసుక మార్చినా మా పిల్లి చుక్కి పొద్దున మళ్ళీ నా పుస్తకాల అల్మరా పక్కనే ఉచ్చ పోసింది. అది పొగరేనని తేల్చేసి, మర పట్టించి తెచ్చిన కొత్త కారం ఆ మూలంతా చల్లాను. చుక్కి దాన్ని తొక్కి, పాదాలు నాక్కుని, మంచం కింద దూరి ఏడ్చింది.

సాయంత్రం తీసుకెళ్తే పశువుల డాక్టరు దాని పొట్ట నొక్కి చూసి, "దీనికి మూత్రంలో మంటండీ. ట్రే చూస్తే నొప్పి గుర్తొచ్చి వేరే చోటు వెతుక్కుంటోంది" అన్నారు.

ఇంటికొచ్చాక మా ఆవిడ ఊరుకోలేదు. "పోలీసులు లాఠీ ఎత్తేముందు కారణం అడగరా అని పేపర్లో పేజీలు పేజీలు రాస్తావుగా! దీన్ని నువ్వడిగావా?"



చేతులు సబ్బుతో రుద్దుకుని పెరుగన్నం పెట్టాను. చుక్కి నా వేళ్ళు వాసన చూసి వెనక్కి జరిగింది. అదే గిన్నె మా ఆవిడ పెడితే తింది...